హన్మంతు మెచ్చిన సీటు

లోకంలో వంక లేని వస్తువు ఉండదని ఆలూరు హన్మంతు నమ్మకం. ఒకవేళ ఎక్కడైనా ఉంటే, అది ఇంకా ఆయన కంటబడలేదన్నమాట. కంటబడిన మరుక్షణం దానికీ ఒక వంక పుట్టేది.

అలాగని దేన్నైనా ఊరికే తీసిపారేసే మనిషి కాడు. ముందు మెచ్చుకునేవాడు. "అంత మంచిగనే ఉన్నది గని..." అనేవాడు. పుస్తకాల్లో మనం దీర్ఘం తీసి 'కానీ' అని రాసుకునే మాటను ఆయన పొట్టిగా 'గని' అనేవాడు. పొట్టిదైనా దాని దెబ్బ గట్టిది. వాక్యం మొదటి సగంలో ఎదుటివాడిని పల్లకీ ఎక్కించి, రెండో సగంలో బోయీలను పక్కకు పిలుచుకొని పోయేవాడు. వ్యాకరణం ఆమూలాగ్రం చదివినవారికి సైతం ఒక్క అవ్యయం మీద అంతటి అధికారం ఉండటం అరుదు.

చేవెళ్ల దాకా కొత్తగా తారు వేసిన రోజున ఊరంతా రోడ్డు మీద నిలబడి సంబరపడుతుంటే హన్మంతు చెప్పులు విడిచి, దాని మీద నాలుగడుగులు నడిచి చూశాడు. "రోడ్డు అంత మంచిగనే వేసిండ్రు గని, మరీ నున్నగ ఉన్నది. డ్రైవర్లకు నిద్ర రాదా?" అన్నాడు. మూడేళ్ళ కరువు తరువాత చెరువు నిండేటంత వాన పడితే, "వాన అంత మంచిగనే పడ్డది గని, జర ఒక మాట చెప్పి పడితే బాగుండు. వడ్లు ఆరబోసుకున్నం" అన్నాడు. కొడుకు యాదగిరికి మమతను చూడటానికి వెళ్ళినప్పుడు, పిల్ల అందరికీ నచ్చాక, మూడు నిమిషాలు ఆలోచించి, "పిల్ల బంగారమే గని, వాళ్ళ ఇంటి నంబరు గుర్తుండేటట్టు లేదు" అన్నాడు. పెళ్ళి జరిగింది. ఇంటి నంబరు మాత్రం ఆయనకు ఇప్పటికీ గుర్తులేదు.

మొయినాబాద్‌లో రోడ్డు పక్కన సాలోమోను అనే ఆయన చాయ్ హోటలు నడిపేవాడు. హన్మంతు పట్నం వైపు ఎప్పుడు వెళ్ళినా అక్కడ ఆగవలసిందే.

"చాయ్ అంత మంచిగనే ఉన్నది గని సాలోమోనూ, గిలాస నిండ పోసినవ్. పట్టుకుంటే వేళ్ళు కాలుతున్నయ్."

మరుసటిసారి సాలోమోను తగ్గించి పోసేవాడు.

"చాయ్ అంత మంచిగనే ఉన్నది గని, గిలాసల సగం గాలే ఉన్నది."

"మరి ఎంత పొయ్యమంటవే అన్నా?"

"అది నేను చెప్తే ఎట్ల? చాయ్ నీది, గిలాస నీది, హోటల్ నీది."

ఆ హోటలును ఆనుకొనే పరమేష్ దుకాణం. ఈ కథలో కష్టమంతా ఇతనిది.

పరమేష్ సీట్లు కుట్టేవాడు. ట్రాక్టరు సీట్లు, ఆటో సీట్లు, మోపెడు సీట్లు. మనిషి కూర్చునే చోటు గురించి మనం సాధారణంగా ఆలోచించం. నడిచే కాళ్ళ గురించీ, పనిచేసే చేతుల గురించీ పాటలు కడతాం గాని, రోజంతా మనల్ని మోసే పీట గురించి ఎవరూ రెండు ముక్కలు రాసిన పాపాన పోలేదు. పరమేష్ మాత్రం మనుషులను వారు కూర్చున్న సీట్లను బట్టే గుర్తుపెట్టుకునేవాడు. ఎవరైనా దుకాణం ముందు నుంచి పోతే పేరు గుర్తు రాకపోయినా, "ఎడమ దిక్కు ఎక్కువ ఒరుగుతడు, ఆ మూల కుట్టు రెండు పేటలు వెయ్యాలె" అని గుర్తొచ్చేది.

అయితే అవి హైదరాబాదు పడమటి దిక్కున అద్దాల మేడలు లేస్తున్న సంవత్సరాలు. ఆ మేడల్లో కంప్యూటర్ల ముందు కూర్చునేవారికి ఆదివారం నాడు పచ్చని చెట్టు చూడాలనిపించడంతో, అజీజ్‌నగర్ నుంచి చేవెళ్ల దాకా టమాట తోటలు ఒకటొకటే ఫామ్‌హౌసులై, చుట్టూ ప్రహరీలు కట్టుకున్నాయి. పొలాలు పోయాక ట్రాక్టర్లు పోయాయి. ట్రాక్టర్లు పోయాక పరమేష్ దుకాణంలో కుట్టుమిషను మీద దుమ్ము పేరుకుంది. రోడ్డు మీద కార్లు బారులు తీరి పోయేవి. ట్రాక్టరు సీట్లవాడి దగ్గర కారు ఎవరు ఆపుతారు?

చివరికి అజీజ్‌నగర్‌లో ఒక ఫామ్‌హౌసు మేనేజరు పరమేష్‌కు గేటు దగ్గర వాచ్‌మెన్ కొలువు ఇస్తానన్నాడు. వచ్చే నెలాఖరుకల్లా ఏదో ఒకటి తేల్చమన్నాడు.

"పోదాం తియ్యి. నెల తిరిగేసరికి జీతమన్న వస్తది" అంది భార్య శిరీష.

"పదహారేండ్లు మందికి సీట్లు కుట్టి, ఆఖరికి నేను గేటు కాడ ప్లాస్టిక్ కుర్చీల కూసోవాల్నా?" అన్నాడు పరమేష్.

సరిగ్గా ఆ వారంలోనే హన్మంతు తెల్లని కొత్త కారుతో దుకాణం ముందు దిగాడు. రోడ్డు వైపున్న రెండెకరాలు అమ్మేసి, మిగిలిన పొలంలో బోరు వేయించి, చేతిలో మిగిలిన డబ్బుతో కొన్న పెద్ద బండి అది. యాదగిరి నడుపుతున్నాడు.

"బండి అంత మంచిగనే ఉన్నది గని..." అన్నాడు హన్మంతు.

పరమేష్ నమస్కారం పెట్టి, మిగతా సగం కోసం ఎదురుచూశాడు.

"సీట్లు అయిదు, మేం ఆరుగురం. వెనక డిక్కీల ఇంకో రెండు సీట్లు ఎక్కియ్యాలె. మా అవ్వకు ఒకటి, మనుమరాలు అశ్వినికి ఒకటి. అజీజ్‌నగర్‌ల మా చిన్నమ్మ నిర్మలమ్మ కాలు విరిగి మంచంల పడ్డది. వారం వారం చెల్లెను చూడకుంటే మా అవ్వకు ముద్ద దిగదు. బస్సు ఎక్కితే కడుపుల తిప్పుతది."

"బాపూ, పట్నంల అయితే ఒక్క రోజుల పెడతరు. తయారు సీట్లే దొరుకుతయ్" అన్నాడు యాదగిరి.

"పట్నపోని పనికి వంక పెట్టాలంటే ముప్పై కిలోమీటర్లు పోవాలె. ఈయన దుకాణం దారిలనే ఉన్నది" అన్నాడు హన్మంతు.

పరమేష్‌కు ఒకేసారి ఆశా భయమూ కలిగాయి. మొయినాబాద్‌లో ఇంతవరకు ఎవరూ కారులో మూడో వరుస సీట్లు కుట్టలేదు. ఈ ఒక్కటి కుదిరితే ఇక కారు సీట్ల దుకాణమే. కుదరకపోతే గేటు దగ్గర కుర్చీ. కాని మొదటి గిరాకీ హన్మంతు కావడమే కొంచెం ఇబ్బంది.

"ఆయన నోట పడితే చేవెళ్ల దాకా వినిపిస్తది. చూసుకో మరి" అంది శిరీష.

పరమేష్ చూసుకునే చేశాడు. తయారు కొలతలు పనికిరావనీ, కూర్చునే మనిషిని కొలిచి కుట్టడమే తన పద్ధతనీ చెప్పి, టేపు తీసుకొని ఆలూరు వెళ్ళాడు. హన్మంతు తల్లి సుక్కమ్మ డెబ్బై అయిదేళ్ళ మనిషి, పొట్టిగా, గట్టిగా, రోకలిలా ఉంటుంది. పరాయి మగవాడు ఇంటికి వస్తే ఆమె కూర్చోదు. గుంజకు ఆనుకొని నిలబడి మాట్లాడుతుంది. అది ఆమె నేర్చిన మర్యాద. టేపు చూసి కొంగు సర్దుకొని మరీ నిటారుగా నిలబడింది. "అవ్వా, జర కుర్చీల కూసో" అనడానికి పరమేష్‌కు నోరు రాలేదు. నిలబడిన మనిషినే తల నుంచి మడమ దాకా, మోకాలి నుంచి మడమ దాకా కొలుచుకొని, ఆ లెక్కన కాళ్ళు కింద ఆనేటట్టు సీటు ఎత్తు ఇంత, వెడల్పు ఇంత అని కాగితం మీద రాసుకున్నాడు. దర్జీ అయితే ఆ కొలతలతో ఏ పొరపాటూ జరిగేది కాదు.

తొమ్మిది రోజులు పట్టింది. ఇనుప చట్రాన్ని వెల్డింగు చేయించి, బండి అడుగుకు బోల్టులతో బిగించాడు. మంచి ఫోం తెచ్చాడు. ముందు సీట్ల రంగుకు సరిపోయే రెక్సిన్ కోసం పట్నంలో రెండు రోజులు తిరిగాడు. సీటు బెల్టులు కూడా పెట్టాడు. బండి పుస్తకంలో సీట్ల లెక్క మార్పించే పని యాదగిరి చూసుకున్నాడు.

బండి అప్పజెప్పే రోజున దుకాణం ముందు పదిమంది గుమికూడారు. సీటు చూడాలన్న కోరిక వాళ్ళలో ఎవరికీ లేదు. హన్మంతు ఏమంటాడో వినాలని వచ్చారు. సాలోమోను పొయ్యి మీద పాలు వదిలేసి వచ్చాడు.

హన్మంతు వెనుక తలుపు ఎత్తాడు. ఆరడుగుల మనిషి నడుము వంచి లోపలికి దూరి, సీటు మీద కూర్చున్నాడు. తల కప్పుకు తగిలింది. అటూ ఇటూ కదిలాడు. అరచేతితో సీటును రెండుసార్లు నొక్కి చూశాడు. పరమేష్ ముఖం వైపు చూశాడు. పరమేష్ పక్కనే నిలబడిన శిరీష వైపు చూశాడు. తిరిగి సీటు వైపు చూశాడు.

"బాగున్నది" అన్నాడు.

అందరూ 'గని' కోసం ఆగారు. వికారాబాద్ బస్సు ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. 'గని' రాలేదు. హన్మంతు కిందికి దిగి, పరమేష్ భుజం తట్టి, మాట్లాడుకున్న డబ్బు చేతిలో పెట్టి, బండెక్కి వెళ్ళిపోయాడు.

"నా చాయ్‌ని పదిహేనేండ్లల్ల ఒక్కసారి బాగున్నదనలే!" అన్నాడు సాలోమోను. ఆ గొంతులో అసూయ ఉంది. లోపల పాలు పొంగుతున్న వాసన వచ్చినా అతడు కదల్లేదు.

ఆ రాత్రి పరమేష్ అన్నం ముందు కూర్చొని ఆ ఒక్క ముక్కను శిరీషకు ఏడెనిమిదిసార్లు చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ హన్మంతు గొంతు కొంచెం పెరిగింది.

తరువాతి ఆదివారం తెల్లబండి దుకాణం ముందు నుంచి మెల్లగా పోయింది. ముందు సీట్లో యాదగిరి పక్కన సుక్కమ్మ కూర్చుంది. వెనుక, పరమేష్ కుట్టిన మూడో వరుసలో, మనుమరాలి పక్కన హన్మంతు ఉన్నాడు. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. మెడ ఒక పక్కకు వంగి ఉంది. మధ్య సీటు అద్దంలోంచి చెయ్యి బయటపెట్టి, "బాగున్నది పరమేషూ!" అని కేకవేశాడు. రెండో ఆదివారం కూడా అదే. పరమేష్ గుండె నిండిపోయింది. కన్నతల్లిని ముందు కూర్చోబెట్టి, తాను ఏరికోరి వెనుక కూర్చుంటున్నాడంటే, ఆ సీటు ఎంతగా నచ్చి ఉండాలి!

ఒక్కటే అర్థం కాలేదు. ఒక్క కారు కూడా వచ్చి ఆగలేదు.

"హన్మంతన్న మెచ్చుకున్నడని నువ్వు అందరికి చెప్పుతున్నవా?" అని సాలోమోనును అడిగాడు.

"వచ్చినోనికల్ల చెప్పుతున్న తమ్మీ. ఏందో మరి, ఆలూరోళ్ళకు చెప్తే 'అయ్యో పాపం' అంటున్నరు."

మూడో ఆదివారం బండి సాలోమోను హోటలు ముందు ఆగింది. మగవాళ్ళు చాయ్‌కు దిగారు. హన్మంతు భార్య వసంతమ్మ తెగిన సంచీ పట్టీ కుట్టించుకోవడానికి పరమేష్ దగ్గరికి వచ్చింది. పరమేష్ ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి, మెప్పు ఇంకోసారి వినాలన్న ఆశతో కదిపాడు.

"సీటు ఎట్లున్నది వదినా? అన్న అయితే బాగున్నదన్నడు."

వసంతమ్మ సంచీ అతని చేతికిచ్చింది. "ఇంకేమన్నడు?"

"ఇంకేమనలే."

"తిట్టలేదా? కుట్టు వంకరున్నదనో, రంగు బాగలేదనో?"

"ఒక్క మాటనలే వదినా! బాగున్నది అన్నడు, అంతే."

వసంతమ్మ అతని వైపు జాలిగా చూసింది. "తమ్మీ, నేను ఆయన ఇంటికొచ్చి ముప్పై ఏండ్లాయె. ఆయన నోట ఉత్త 'బాగున్నది' అన్న మాట నాలుగుసార్లే విన్న. కొత్తగ కాపురానికొచ్చిన నాడు భయపడుకుంట చేపల పులుసు పెట్టిన. పులుపు తక్కువైందని చింతపండు మళ్ళ మళ్ళ పిసికిన. మా అత్త ముద్ద నోట్ల పెట్టుకొని కండ్లు మూసింది. ఈయన గిన్నెడు తిని, బాగున్నదన్నడు. అది ఒకసారి. యాదగిరి పదో తరగతి తప్పినప్పుడు వాని జవాబులు చదివిచ్చుకొని, బాగ రాసినవ్ బిడ్డా అన్నడు. అది రెండు. మా ఊరి ఎల్లేశ్ అప్పుజేసి గోడ కట్టుకుంటే బాగున్నదన్నడు. మా ఊర్లె అందరం పిల్లలను ఆ గోడ దిక్కు పోనియ్యలే. వానాకాలంల పడిపోయింది. నాలుగోది నీ సీటు."

పరమేష్ చేతిలోని సూది ఆగిపోయింది.

"మంచిదానికి వంక పెడతడు. అది తట్టుకుంటది అంటడు. చెడినదాన్ని మాత్రం ఒక్క మాటనడు. పడ్డోన్ని మళ్ళ తోసుడెందుకు అంటడు. నువ్వు వాచ్‌మెన్‌గ పోయెటట్టున్నవని సాలోమోను చెప్పిండట. ఇగ ఏమంటడు?"

"మరి... ఆయననే కూసుంటున్నడు గద వదినా, వారం వారం?"

"అవ్వ కూసోలేకపోయింది. మొదటి దినం చేవెళ్ల దాటకముందే రెండుసార్లు జారింది. వెనక సీటు ఉత్తగ పోతే నువ్వు చూసి మొఖం చిన్నగ చేసుకుంటవని ఈయన ఎక్కి కూసున్నడు. చెయ్యి ఊపెటందుకు. ఇంటికి పోయినంక ఆ మోకాళ్ళకు రెండు గంటలు నూనె రుద్దుతున్న."

పట్టీ కుట్టడం కాగానే ఆమె సంచీ తీసుకొని వెళ్ళిపోయింది. కాసేపటికి బండి కదిలింది. ముడుచుకున్న ఆరడుగుల మనిషి అద్దంలోంచి చెయ్యి ఊపి, "బాగున్నది!" అన్నాడు. పరమేష్‌కు ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. అయినా చెయ్యి ఊపాడు.

నెలాఖరుకు ఇక ఎనిమిది రోజులు. డబ్బు ముట్టింది, గిరాకీదారు నోరు తెరిచి ఏమీ అనలేదు, ఊరుకుంటే ఊరుకోవచ్చు. పరమేష్ రాత్రంతా ఆలోచించి, పొద్దున్నే మొదటి బస్సుకు ఆలూరు వెళ్ళాడు.

సుక్కమ్మ అరుగు మీద చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చొని ఉంది. వీధి వైపు వీపు పెట్టడం వల్ల పరమేష్ రావడం ఆమెకు తెలియలేదు. అతడు వాకిట్లోనే ఆగిపోయాడు. ఆమె రెండు కాళ్ళూ మడిచి, పాదాలు చీరలోపలికి లాక్కొని, నేలకు అతుక్కున్నట్టుగా కూర్చుంది. పీట మీదైనా, మంచం మీదైనా, బస్సులోనైనా ఆమె కూర్చునే తీరు అదొక్కటే. ఆ ఇంటి ముసలమ్మ జన్మలో కాళ్ళు కిందికి వేలాడదీసి కూర్చోలేదు. కూర్చునే మనిషిని నిలబెట్టి కొలిచిన మొనగాడు తానేనని పరమేష్‌కు అప్పుడు తెలిసింది.

జేబులోంచి సుద్దముక్క తీశాడు. "అవ్వా, లేవకు! నీ దండం పెడత, లేవకు" అంటూ వంగి, ఆమె చుట్టూ అరుగు మీద గీత గీయసాగాడు.

"ఏందిరా ఇది? నా సుట్టు ముగ్గేస్తున్నవా?"

"కొలత తీస్తున్న అవ్వా."

"అప్పుడు తీసినవ్ గద!"

"అప్పుడు నిన్ను తీసిన. ఇప్పుడు నువ్వు కూసున్న జాగ తీస్తున్న. జర కదలకు."

"నేను పుట్టినప్పటిసంది కదలకుంటనే కూసున్న. నువ్వు కుట్టిన దాని మీదనే కదిలిన" అంది సుక్కమ్మ.

కొలిస్తే వీపు నుంచి ముందుకు ఇరవై ఆరు అంగుళాలు వచ్చింది. అతడు కుట్టిన సీటు పదిహేను.

అప్పుడే పెరట్లోంచి హన్మంతు వచ్చాడు.

"అన్నా, బండి ఒక నాలుగు రోజులు ఇయ్యాలె. సీటు మళ్ళ చేస్త" అన్నాడు పరమేష్.

హన్మంతు కంగారుపడ్డాడు. "ఎందుకు? బాగున్నది గద!"

"బాగలేదన్నా."

"బాగున్నదంటున్న గద!"

"పదిహేను ఇంచుల మీద ఎవరు కూసుంటరే? ఎత్తు తప్పు, వెడల్పు తప్పు."

"కూసునేటోన్ని నేను. నాకు లేని బాధ నీకెందుకు? ఫస్టు క్లాసున్నది!"

"మరి మోకాళ్ళకు నూనె ఎందుకు రుద్దిచ్చుకుంటున్నవే?"

హన్మంతు ఇంట్లోకి గుర్రుగా చూశాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఒక్కసారిగా ఎక్కువైంది. "నా మోకాళ్ళు నా ఇష్టం" అన్నాడు.

కొన్నవాడు బాగుందని వాదించడం, అమ్మినవాడు బాగాలేదని మొత్తుకోవడం ఆలూరు వీధిలో అంతకు మునుపు ఎవరూ చూడలేదు. గోడల మీదుగా తలలు లేచాయి. చివరికి సుక్కమ్మ తన సుద్దగీత మధ్యలోంచే తీర్పు చెప్పింది: "తాళం చెవులు వానికియ్యిరా. నీ కంటె వానికే ఎక్కువ తెలుసు."

ఈసారి పరమేష్ సీటును ఎత్తు తగ్గించి చేశాడు. మనుమరాలి వైపు కాళ్ళు పెట్టుకునే సందు వదిలి, అవ్వ వైపు మాత్రం సుద్దగీతకు రెండు వేళ్ళు ఎక్కువగా లోతు పెంచాడు. పక్కన ఒరగడానికి దిండులాంటి గోడ కట్టాడు. బెల్టు మడిచిన కాళ్ళకు అడ్డు రాకుండా నడుము మీదికి మార్చాడు. పాత రెక్సిన్ చాలక, దుకాణంలో దాచుకున్న సరుకంతా తీశాడు. మేనేజరు మళ్ళీ కబురుపెట్టాడు. శిరీష రెక్సిన్ అంచులు పట్టుకొని కూర్చొని, "ఆదివారం దాక ఆగమని చెప్పు" అంది.

ఆదివారం పొద్దున ఆలూరులో సుక్కమ్మ వెనుక తలుపులోంచి ఎక్కి, కాళ్ళు మడిచి, చీర సర్దుకొని కూర్చుంది. బండి అజీజ్‌నగర్ వైపు వెళ్ళింది.

సాయంత్రం నాలుగింటికి తెల్లబండి తిరిగివచ్చి దుకాణం ముందు కీచుమని ఆగింది. హన్మంతు తలుపు ధడాలున వేసి దిగాడు. ముఖం ఎర్రగా ఉంది. సాలోమోను మళ్ళీ పాలు వదిలేసి వచ్చాడు.

"ఏమయ్యా పరమేషూ! సీటు అంత మంచిగనే ఉన్నది గని..."

శిరీష పరమేష్ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"...గని ఇంత మెత్తగ ఎవడు చెయ్యమన్నడు? చేవెళ్ల రాకముందే మా అవ్వ నిద్రపోయింది. దారిపొడుగున మాట్లాడుకుందమని నేను నాలుగు ముచ్చట్లు జమ చేసుకున్న. ఎవనికి చెప్పాలె? అజీజ్‌నగర్‌ల లేపితే కోపం చేసింది. నేను దిగ, నిర్మలనే ఇక్కడికి తీసుకరా అన్నది! కాలు విరిగిన మనిషిని ఇద్దరం మోసుకొచ్చి బండిల కూసోబెట్టినం. అక్కచెల్లెండ్లు ఇద్దరు మూడు గంటలు ఆ సీటు మీదనే ముచ్చట పెట్టిండ్రు. మేమందరం ఎండల నిలబడ్డం! చిన్నమ్మ దిగనంటది! ఆ కుట్టు చూడు, మరీ తిన్నగ ఉన్నది, మనిషి కుట్టినట్టే లేదు. ఆ దిండేంది? ఒక దిక్కే పెట్టినవ్, నా భార్య నాకూ కావాలంటున్నది. ఆ రంగేంది? ముందు సీట్లు దాని ముందు పాతగ కొడుతున్నయ్. కొత్త బండి అది!"

లోపలి నుంచి సుక్కమ్మ గొంతు వినిపించింది: "ఒరే, నెమ్మదిగ తిట్టరాదు! నిద్ర పడుతున్నది."

అరగంట తిట్టాడు. పరమేష్ చేతులు కట్టుకొని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, పక్కన నవ్వాపుకోలేక వంగిపోతున్న శిరీషను మోచేత్తో పొడుస్తూ, ఒక్కొక్క తిట్టునూ ఆప్యాయంగా విన్నాడు. ఆ తిట్లు అంతటితో ఆగలేదు. హన్మంతు చేవెళ్ల బస్టాండులో బండి ఆపి తిట్టాడు. కూరగాయల మార్కెట్టులో వెనుక తలుపు ఎత్తి, పదిమందిని పిలిచి, కూర్చోబెట్టి మరీ తిట్టాడు. మొయినాబాద్ చౌరస్తాలో ట్రాఫిక్ ఆగేటట్టు తిట్టాడు. ఆలూరు వాళ్ళు విని, "గంత సేపు తిట్టిండా? అయితే చూడాల్సిందే" అన్నారు.

నెల ఆఖరి రోజున ఫామ్‌హౌసు మేనేజరే స్వయంగా వచ్చాడు. జవాబు అడగడానికే వచ్చాడనుకొని పరమేష్ నోరు తెరవబోయేలోపు, అతని వెనుక ఒక పెద్ద కారు వచ్చి ఆగింది. అందులోంచి ఆ ఫామ్‌హౌసు సొంతదారు, ఒక కంప్యూటర్ ఆఫీసు యజమాని, దిగాడు.

"మా గేటు ముందు ఒక పెద్దాయన ఎవరి సీటునో గంటసేపు తిట్టాడండీ. మా అమ్మగారు కూడా కాళ్ళు మడిచే కూర్చుంటారు. ఆ సీటు కుట్టింది మీరేనా?"

"నేనే సార్" అన్నాడు పరమేష్. "అమ్మగారు ఇంట్ల ఎక్కడ కూసుంటరో ఒక్కసారి చూపెట్టాలె. నిలబడొద్దని చెప్పుండ్రి."

గేటుకు మరో వాచ్‌మెన్‌ను వెతుక్కోవలసి వచ్చింది. పరమేష్ దుకాణం ముందు కార్లు ఆగడం మొదలైంది. వచ్చినవాళ్ళు ముందుగా అడిగే ప్రశ్న ఒక్కటే: "హన్మంతన్న ఏమన్నడు?" ఎన్ని వంకలు పెట్టాడో చెబితే చాలు, బయానా డబ్బు ముందే చేతిలో పడేది. ఒకసారి పరమేష్ ధైర్యం చేసి, "అన్నా, మొదటిసారి బాగలేకున్న బాగున్నదని ఎందుకన్నవే?" అని అడిగాడు. హన్మంతు కోపం తెచ్చుకున్నాడు. "నేనన్ననా? నేను అట్ల అనేటోన్నా? ఎవని దగ్గర విన్నవో!" అని సాలోమోను చాయ్‌కు వంక పెట్టడానికి వెళ్ళిపోయాడు.

ఆషాఢంలో పరమేష్‌కు జ్వరం తగిలింది. ఒక కారు మాట ప్రకారం ఇవ్వవలసిన రోజు కావడంతో, వణుకుతున్న చేతులతోనే కూర్చొని కుట్టాడు. పని అయ్యేసరికి హన్మంతు వచ్చి, వెనుక తలుపు ఎత్తి, కుట్టు వెంబడి వేలు పెట్టి చూశాడు. తరువాత పరమేష్ ముఖం చూశాడు.

"బాగున్నది" అన్నాడు మెల్లగా.

పరమేష్ బ్లేడు తీసి, ఆ కుట్టును ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పరపరా కోసేశాడు.

"ఏందిరా! నేను బాగున్నదంటే నువ్వు ఇప్పుతున్నవ్?"

"అందుకే అన్నా."

హన్మంతు కాసేపు గొణిగాడు. తరువాత స్టూలు లాక్కొని ఎదురుగా కూర్చొని, రెక్సిన్ రెండు అంచులూ కలిపి పట్టుకున్నాడు.

"కుట్టు మరి. స్టూలు అంత మంచిగనే ఉన్నది గని, ఒక కాలు పొట్టిగున్నది."